జేబులక్కకు అమ్మ ఎవరు?

యూనిఫారాలు కుట్టే ఆ వర్క్‌షాపులో ఆమె అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. చొక్కాలకు జేబులు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి కాబట్టి అందరికీ జేబులక్కే. చొక్కాలు కుట్టడం వచ్చుగానీ తన నోరు కుట్టుకోవడం మాత్రం రాదు. యజమాని అయినా సరే, ముఖం మీదే అనేస్తుంది.

అలాంటి మనిషి మొదటిసారి తోటి పనివాళ్లతో కలిసి విమానమెక్కి సముద్రం చూడబోయింది. గదిలో పెట్టె దించిందో లేదో ఫోనొచ్చింది: అమ్మకు పక్షవాతం. సముద్రం వైపు తలైనా తిప్పకుండా అప్పటికప్పుడు ఇంకో టికెట్టు కొనుక్కుని వెనక్కి వచ్చేసింది. ప్రయాణ బీమా ఉంది కదా, తల్లిదండ్రుల ప్రాణం మీదికొస్తే ఆ ఖర్చు కంపెనీయే ఇస్తుందని అందరూ ధైర్యం చెప్పారు.

ఇస్తామన్నవాళ్లు తిప్పడం మొదలుపెట్టారు. ఒక కాగితం ఇస్తే ఇంకో కొర్రీ. పాలసీ అంటగట్టేటప్పుడు అక్కా అక్కా అన్న నోళ్లు ఇప్పుడు ఫోనులో పలకడానికే బద్ధకించాయి. చలికాలంలో పెట్టిన క్లెయిము ఎండలు ముదిరినా కదల్లేదు. చివరికి ఆమె పుట్టిన సర్టిఫికెట్టు అడిగారు. ఇచ్చింది. అందులో తల్లి పేరు వేరే ఉంది.

ఇందులో దాచడానికేమీ లేదు. కన్నతల్లి పురిట్లోనే పోతే, పిన్ని తన పెళ్లి మానుకుని మరీ పెంచింది. జేబులక్కకు మాటలొచ్చిన నాటి నుంచీ ఆవిడే అమ్మ. క్లెయిములో తల్లి అని రాసేటప్పుడు ఇంకో మాట తోచనే లేదు. కంపెనీకి మాత్రం అది మోసమైంది. తప్పుడు బంధుత్వం చూపానని ఒప్పుకుని సంతకం పెట్టాలి, లేదంటే కోర్టుకెక్కుతామని నోటీసు పంపింది.

లిఫ్టులు బాగుచేసే ఆమె భర్తకు కోర్టన్న మాటంటేనే భయం. సంతకం పడేసి ఈ పీడ వదిలించుకుందామని బతిమాలాడు.

"డబ్బు పోతే పోనీ. ఆవిడ మా అమ్మ కాదని నా చేత్తో నేను రాయను," అంది జేబులక్క.

తలుపు అవతల మంచం మీద పిన్ని వింటోందని ఇద్దరికీ తట్టలేదు.

కంపెనీ తరఫున విచారణకు ఒకాయన ఇంటికే వచ్చాడు. రోగినే అడగాలని మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. పిన్ని తనను కూతురే అంటుంది, ఇక కేసు ఖాయమనుకుంది జేబులక్క. ఈవిడ మీకేమవుతుందని ఆయన అడిగాడు.

పిన్ని జేబులక్క వైపు చూడలేదు.

"అక్క కూతురు," అంది, వంకరపోయిన మూతితో ఒక్కో ముక్కా కూడదీసుకుంటూ. "నేను... దాని తల్లిని కాను. తెలీక రాసింది. వదిలెయ్యండి బాబూ."

ఆ ఇంట్లో ఇన్నేళ్లుగా ఎవరి నోటా రాని మాట అది. ఆయన పిన్ని చెప్పింది రాసుకుని వేలిముద్ర వేయించుకున్నాడు. క్లెయిము చెల్లదుగానీ, తెలియక రాసిందంటే కేసు కూడా ఉండదని చెప్పి లేచాడు. భర్త ఆయన్ని సాగనంపడానికి వెళ్లాడు. జేబులక్క గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

వీధి గేటు పడిన చప్పుడయ్యేదాకా పిన్ని చెవులు రిక్కించి వింది. ఆ తర్వాత, పక్షవాతం సోకని చేత్తో రమ్మని సైగ చేసింది.

"నేనేదో అన్నానని రేపటి నుంచి పిన్నీ గిన్నీ అన్నావంటే చెంప పగలగొడతా."

జేబులక్క ఆ చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుంది.

"అలాగేనమ్మా," అంది.