కమానుకు రాసిన నూనె

ఈ బరువు నాతోపాటే లేస్తుంది, నాతోపాటే పడుకుంటుంది. ఇంట్లోవాళ్లకు చెప్పలేదు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

మాది బోథ్ దగ్గరి ఊరు. మేం ప్రధాన్లం. గోండుల దేవుడి ముందు కిక్రి వాయిస్తూ వాళ్ల వంశకథలు పాడటం మా కులవృత్తి. కిక్రికి మూడు తీగలు, గుర్రపు వెంట్రుకల కమాను. నాకు దాన్ని పట్టుకోవడం నేర్పింది మా పెదనాన్న కొడుకు. దాదా అని పిలిచేవాణ్ని. ఆయన వాయిస్తే ముసలివాళ్లు కళ్లు తుడుచుకునేవారు. నేను వాయిస్తే "మంచిగనే ఉంది" అనేవారు. ఆ 'మంచిగనే' నన్ను లోపల కాల్చుకు తినేది.

పూజకు ముందు కిక్రిని, కమానును శుద్ధి చేసి గుడ్డ చుట్టి పెడతాం. దేవుడి ముందు విప్పేదాకా ఎవరూ ముట్టరు. ఆ ఏడు నేను ముట్టాను. కమాను వెంట్రుకలకు ఇప్పనూనె పట్టించాను. జిడ్డు తగిలిన కమాను తీగ మీద జారుతుందే తప్ప పలికించదు. ఆ సంగతి నాకు చెప్పింది కూడా దాదానే.

ఒక్కరోజు ఆయన నవ్వులపాలైతే చాలనుకున్నానా? లేక ఆయన చోటే కావాలనుకున్నానా? ఎన్నిసార్లు తవ్వుకున్నా రెండోదే నిజమని తేలుతుంది.

దాదా కమాను లాగాడు. పలకలేదు. మళ్లీ లాగాడు. ఈసారీ పలకలేదు. శుద్ధి చేసి కట్టినదాన్ని ఒక మనిషి ముట్టుకుంటాడని ఆయన ఊహకే రాలేదు. కిక్రి తెచ్చి నా ఒళ్లో పెట్టాడు.

"తమ్మీ, దేవుడు నా చెయ్యి వద్దంటుండు. గిది నువ్వే వాయించు."

'జర కమాను చూడు దాదా' అంటే సరిపోయేది. నేనన్నది వేరు.

"సరే దాదా."

నా కమాను అప్పటికే సంచిలో సిద్ధంగా ఉంది.

దాదా మళ్లీ కిక్రి పట్టలేదు. ఆదిలాబాద్ జిన్నింగ్ మిల్లులో పత్తి మోసి మోసి, దగ్గు పట్టుకుని ఇంటికొచ్చాడు. పూజలకు నేనే వాయిస్తున్నాను. ఇప్పుడు నాకూ జనం కళ్లు తుడుచుకుంటారు. అది నాకు ఎంగిలికూడులా ఉంటుంది.

ప్రతి ఏడూ దాదా వస్తాడు. దేవుడికి కోడిని ఇచ్చి, చేతులు జోడించి, "నేనేం తప్పు జేసిన? జర చెప్పు" అని అడుగుతాడు. నేను పక్కనే కూర్చుని వాయిస్తుంటాను. ఆయన మాట నాకు వినబడుతూనే ఉంటుంది, నా చెయ్యి మాత్రం ఆగదు.

దాదా, నువ్వే తప్పూ చెయ్యలేదు. చేసింది నేను. ఈ మాట నీ ముందు అనే ధైర్యం నాకింకా రాలేదు, వస్తుందని కూడా చెప్పలేను. ఇక్కడ మాత్రం రాశాను. ఇన్నేళ్లకు ఊపిరి కాస్త ఆడుతోంది.