వెళ్లొస్తానన్న బందిపోటు

అమెరికాలోని ట్రాయ్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ టెస్ట్ చేసే కృష్ణవేణికి సినిమాలంటే ఇష్టమే. మొగుడు వేషం కట్టిన సినిమా అంటేనే ఒళ్లు మంట. అతని ఆఫీసు వాళ్లు శనివారాల్లో సరదాకి తీస్తున్న కౌబాయ్ కథట. ఊరిని కాపాడిన తుపాకీ వీరుడు చివరికి బందిపోటై, పెళ్లాన్ని వదిలేసి గుర్రమెక్కి పోతాడట. ఆ వీరుడు ఆమె మొగుడు హనుమయ్య. వారమంతా నడుంనొప్పి అని మూలిగే మనిషి, శనివారం తెల్లారేసరికి టోపీ పెట్టుకుని తయారు. సినిమాలో సారా కొట్టు వాళ్ల గరాజే, సీసాల్లో సారా ఈవిడ కాచిన టీ డికాషనే. పెళ్లాం వేషానికి ఎవరూ దొరక్కపోతే అదీ ఈవిడ మెడకే చుట్టారు.

ఇవాళ్టితో పీడ విరగడవుతుందని ఆమె ఆశ. మిగిలింది ఒక్క షాట్. అద్దె గుర్రాన్ని పొద్దు గూకేలోగా అప్పగించాలి. ఈలోగా అవ్వకపోతే, ఇక మంచు కరిగాకే షూటింగ్. అంటే ఆమె శనివారాలు మళ్లీ గంగపాలు.

ఊరవతల ఓ పాత చెక్క ఇంటి ముందు, గుర్రం మీంచి హనుమయ్య "వెళ్తున్నా, మళ్లీ రాను" అనాలి. ఎన్నిసార్లు తీసినా ఆ మహానుభావుడి నోట "వెళ్లొస్తా" అనే వస్తోంది. అతని ఆఫీసు స్నేహితురాలు, డైరెక్టర్ త్రివేణి, రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. గుమ్మంలో నిలబడ్డ ఆడమనిషితో అలాంటి మాట అనడం తనకు అలవాటు లేదని అతను గొణిగాడు.

కృష్ణవేణికి ఓపిక నశించింది.

"మీరు నోరు మూసుకుని కూర్చోండి. ఆ మాటేదో నేనే అంటాను."

'పో, మళ్లీ రాకు' అని పెళ్లామే తరిమేస్తే మరీ బాగుంటుందని త్రివేణి ఎగిరి గంతేసింది. అనడానికి ఆమెకేం కష్టం? ఎన్నో శనివారాలుగా నాలుక చివర ఆడుతున్న మాటే.

కెమెరా ఆన్ చేశారు. గుర్రం ఉన్నట్టుండి పక్కకు గెంతింది. హనుమయ్య జీను పట్టుకుని బిక్కమొహం వేశాడు. కృష్ణవేణి నోరు తెరిచింది.

"జాగ్రత్తగా వెళ్లి రండి."

త్రివేణి నెత్తి పట్టుకుని గడ్డిలో కూలబడింది. అప్పటికే గుర్రం తాలూకు మనిషి ట్రక్ వేసుకుని వచ్చేశాడు. ఇక ఏప్రిల్‌లోనే అని తేలిపోయింది. కృష్ణవేణికి ఏడుపొచ్చేంత కోపం వచ్చింది, అదీ తన మీద తనకే. గుర్రం దిగిన హనుమయ్య నవ్వి ఉంటే చెడామడా తిట్టేసేది. అతను నవ్వలేదు.

"భయమేసిందా?" అని మెల్లగా అడిగాడు.

భయమేసింది. నిజంగానే. అది అతనికి చెప్పదలచుకోలేదు.

"మీరు కూర్చున్న తీరుకి గుర్రానికే భయమేసింది. కార్ స్టార్ట్ చేయండి," అంటూ మొహం తిప్పుకుంది.