నొప్పి అంటేనే మందు

ఆపరేషన్ అయిన మర్నాడు పొద్దున మా అమ్మ ఫిజియోథెరపీ అమ్మాయిని చెంప మీద కొట్టింది. ఆ పిల్ల చేసిందల్లా "లేద్దామా మామ్మగారూ" అంటూ నడుం కింద చెయ్యి పెట్టడమే. మా అమ్మ పిల్లి మీద కూడా చెయ్యెత్తగా నేనెప్పుడూ చూడలేదు. దెబ్బ తిన్న పిల్ల కన్నా నేనే ఎక్కువ బెదిరిపోయాను. కాసేపటికి సిస్టరు వచ్చి అమ్మ చేతులు రెండూ గాజుగుడ్డతో మంచం పట్టీలకి కట్టేసింది. కట్టకపోతే సెలైను పీకేసుకుంటుందట.

అమ్మ అవనిగడ్డలో మా అన్నయ్య ఇంట్లో ఉంటుంది. బాత్‌రూమ్ గడప తట్టుకుని పడింది, తుంటి ఎముక విరిగింది. బందరు తీసుకొచ్చి చేర్పించారు, రాడ్డు వేశారు. నేను గుడివాడలో హైస్కూలు తెలుగు టీచర్ని. సెలవు పెట్టి బస్సెక్కి వచ్చేసరికి అమ్మని ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్తున్నారు. "మీదే ఊరండీ?" అని నన్ను మర్యాదగా అడిగింది. అమ్మకి మతిమరుపు జబ్బు వచ్చి కొన్నేళ్లయింది. అన్నయ్యని, నన్ను గుర్తుపట్టడం మానేసింది. నన్నయితే ఓసారి సిస్టరుగారూ అంటుంది, ఓసారి టీచరుగారూ అంటుంది. ఆ రెండోదానికి పలకడం నాకు పెద్ద కష్టం కాదు.

అన్నీ మరిచిపోయినా రెండు మాత్రం మరవలేదు. ఒకటి మర్యాద, రెండోది ప్రార్థన. మా ఇంట్లో దొంగతనం కన్నా పెద్ద తప్పు సణుగుడు. కూరలో ఉప్పు చాలలేదంటే సణుగుడు, చెప్పు కరిచిందంటే సణుగుడు. దేవుడిచ్చిన దాని మీద వంకలు పెట్టేవాడికి ఇంకేదీ దక్కదని అమ్మ సిద్ధాంతం. చర్చిలో స్త్రీల సమాజానికి చాలాకాలం పెద్దగా ఉంది కాబట్టి ఆ సిద్ధాంతం ఊరందరికీ అమలయ్యేది. ఎలా ఉన్నారండీ అని ఎవరడిగినా, జ్వరంతో వణుకుతూ కూడా, "దేవుని దయ వల్ల బాగున్నానండీ" అనేది.

ఆసుపత్రిలోనూ అదే జవాబు. సిస్టరు వచ్చినప్పుడల్లా పాపం ఓపిగ్గా అడిగేది.

"నొప్పి ఉందా మామ్మగారూ?"

"దేవుని దయ వల్ల బాగున్నానమ్మా."

"పదికి ఎంతుందో చెప్పండి."

"పదీ ముఖ్యమేనమ్మా. ఒకటి ఎక్కువా, ఒకటి తక్కువా లేదు."

పది ఆజ్ఞల గురించి చెబుతోందని నాకూ అన్నయ్యకీ అర్థమై నవ్వుకున్నాం. సిస్టరు కూడా నవ్వి, నొప్పి లేదని రాసుకుని వెళ్లిపోయింది.

ఆ చెంపదెబ్బ తర్వాత మాత్రం ఎవరమూ నవ్వలేదు. డాక్టరుగారు రౌండ్సుకొచ్చి మమ్మల్ని పక్కకి పిలిచారు. "ఎముక సంగతి నేను చూసుకున్నానండీ. ఇక లేవడం ఆవిడ చేతుల్లో ఉంది. ఇవాళ కాకపోతే రేపు నిలబడాలి. ఈ వయసులో పడుకుండిపోతే నెమ్ము చేరుతుంది, వీపు పుండ్లు పడుతుంది. అందులో ఈ మతిమరుపు ఉన్నవాళ్లు మంచానికి అలవాటు పడితే మళ్లీ లేవడం చాలా కష్టం."

"కొడుతోంది కదండీ, ఎలా లేపుతాం?" అన్నాడు అన్నయ్య.

"సాయంత్రం దాకా చూద్దాం. తగ్గకపోతే నిద్రకి ఇంజక్షన్ ఇద్దాం."

"నిద్రపోతే లేచేదెలాగండీ?" అన్నాను నేను.

"ఇలా తన్నుకుంటున్నా లేవరు కదమ్మా," అన్నారాయన. ఆయన మాటలో విసుగేమీ లేదు. అందుకే నాకు భయమేసింది. అన్నయ్య మాత్రం ఆ ఇంజక్షన్ మాటకి తేలికపడ్డాడు. అమ్మని కట్టేసి ఉంచడం చూడలేకపోతున్నాడు. నేనూ చూడలేకపోతున్నాను గానీ, నిద్రపుచ్చడమంటే చేతులకున్న కట్టు లోపలికి మార్చడమేనని నాకనిపించింది.

మధ్యాహ్నం అవనిగడ్డ నుంచి పాస్టరమ్మగారు, ఇద్దరు ఆడవాళ్లని వెంటబెట్టుకుని వచ్చారు. కట్టిన చేతులు కనపడకుండా నేను దుప్పటి పైకి లాగాను. వాళ్లు ప్రార్థన చేస్తుంటే అమ్మ కళ్లు మూసుకుని "స్తోత్రం... స్తోత్రం... స్తోత్రం" అంటూనే ఉంది. పాస్టరమ్మగారు కొంగుతో కళ్లు ఒత్తుకున్నారు. "మనందర్నీ మర్చిపోయారు గానీ ప్రభువుని మర్చిపోలేదు చూడండి. ఎంత విశ్వాసం!" అన్నారు. అన్నయ్య మొహం వెలిగిపోయింది. రెండు రోజులుగా వాడిన మొహం, పాపం.

అంతలో వచ్చినావిడల్లో ఒకరు మంచం చివర, అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నారు. కాస్త భారీ మనిషి. పరుపు ఆ వైపుకి కుంగింది. అమ్మ స్తోత్రాలు వేగం పుంజుకున్నాయి. మాటకీ మాటకీ మధ్య సందు లేకుండా ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఆవిడ లేవగానే మళ్లీ నెమ్మదించాయి. పద్యం అప్పజెప్పే పిల్లాడు ఎక్కడ తడబడుతున్నాడో వినడం నా ఉద్యోగం. మాటని వదిలేసి గొంతు వినడం అలవాటైపోయింది. ఆ గొంతు నేను ఇంతకుముందెప్పుడో విన్నాను.

నా చిన్నప్పుడు గంజి వారుస్తుంటే గిన్నె జారి అమ్మ ముంజేతి మీద ఒలికింది. అమ్మా అనలేదు, అబ్బా అనలేదు. పళ్లు బిగించి స్తోత్రం స్తోత్రం అంటూ పెరట్లో నీళ్ల తొట్టి దగ్గరికి పరిగెత్తింది. తోలు ఊడిన చేతిని నీళ్లలో ముంచి ఇదే వేగంతో అంటూ కూర్చుంది. మేం విశ్వాసం అనుకుంటున్నది మా అమ్మ మూలుగు. సణగకుండా బతికిన మనిషికి మూలగడానికి కూడా వేరే మాట మిగల్లేదు.

సిస్టరు దగ్గరికి పరిగెత్తాను. "ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మా అమ్మకి నొప్పికి ఏమిస్తున్నారండీ?"

"నిన్న మత్తు దిగాక ఒకటి ఇచ్చాం మేడం. ఆ తర్వాత నొప్పి అంటేనే ఇవ్వమన్నారు. మామ్మగారు ఎప్పుడడిగినా లేదనే అంటున్నారు కదండీ."

సిస్టరు తప్పేం లేదు. తెలుసు. అయినా నా గొంతు క్లాసుకెక్కింది. "తుంటి విరిగి, కోసి కుట్టిన మనిషికి నొప్పి లేకుండా ఎలా ఉంటుందండీ? ఆవిడ చెప్తే మాత్రం మీరెలా నమ్మారు?" అని అరిచాను. వార్డంతా మా వైపు తిరిగింది. అన్నయ్య వచ్చి నన్ను మోచెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కెళ్లాడు.

"పాస్టరమ్మగారి ముందు ఏంటే ఆ అరుపులు?"

"అమ్మకి నొప్పి. ఆ స్తోత్రాలన్నీ నొప్పే అన్నయ్యా."

"అమ్మే లేదంటుంటే ఉందని నువ్వెలా చెప్తావ్? అమ్మ అబద్ధమాడుతోందంటావా?"

మా ఇద్దరికీ అంతకు మించిన నింద లేదు. మా అమ్మ నోట అబద్ధం రాదన్నది మేం పుట్టి పెరిగిన నేల.

"జీవితమంతా ప్రభువు కోసం సాక్ష్యం నిలబెట్టుకున్న మనిషి. ఈ చివర్లో నువ్వు చెడగొట్టకు," అన్నాడు.

చివర్లో అన్న మాట నన్ను మండించింది. "చివరెందుకవుతుంది? లేస్తే కాదు. లేపనివ్వకుండా నొప్పి అడ్డుపడుతుంటే నువ్వు విశ్వాసమని మురిసిపోతున్నావు. డాక్టరుగారు వస్తారుగా, ఆయన్నే చూడనీ. నాది తప్పయితే నిద్ర ఇంజక్షన్ ఇప్పించు, నేను నోరెత్తను." కోపంలో అనేశాను. నిజంగానే నాది తప్పయితే?

సాయంత్రం డాక్టరుగారు నేను చెప్పిందంతా విన్నారు. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. అమ్మని ఏమీ అడక్కుండా దుప్పటి తీసి, ముందు బాగున్న కాలి పాదాన్ని పట్టుకుని కాస్త కదిపారు. అమ్మ ఆయన వంక ప్రశాంతంగా చూసింది. తర్వాత ఆపరేషనైన కాలి మీద చెయ్యేసి రవ్వంత తిప్పారు. అమ్మ కనుబొమలు ముడిపడ్డాయి, కట్టిన చేతుల పిడికిళ్లు బిగుసుకున్నాయి. "స్తోత్రం స్తోత్రం స్తోత్రం." ఆయన చెయ్యి తీసేశారు. మాట ఆగిపోయింది.

అన్నయ్య కిటికీ వైపు తిరిగాడు.

"ఇక ఆవిణ్ణి అడగొద్దు," అన్నారు డాక్టరుగారు సిస్టరుతో. "టైము ప్రకారం ఇచ్చేయండి. లేపబోయే ముందు కూడా ఇవ్వండి. నిద్ర ఇంజక్షన్ వద్దు, ఆ కట్లు తీసెయ్యండి." మళ్లీ నాతో, "మరీ సంబరపడకండి. ఈ మందుకి మగత రావచ్చు, తికమక పెరగొచ్చు కూడా. పక్కన మనిషి ఉండాలి. రేపు పొద్దున లేస్తేనే మనం గెలిచినట్టు," అన్నారు.

అమ్మ ఆ రాత్రి కట్లు లేకుండా పడుకుంది. తెల్లారాక ఇడ్లీ తుంచి పెడితే సగం తింది. మగతలో ఉందేమోనని పేరు పెట్టి పిలిచి చూశాను. "ఏంటండీ?" అంది. మంచి నిద్ర పట్టిన మనిషి గొంతు.

ఫిజియోథెరపీ అమ్మాయి వాకరు పట్టుకొచ్చి, ఈసారి చెంప అందనంత దూరంలో నిలబడింది. అమ్మని కూర్చోబెట్టాం. కొట్టలేదు. కాళ్లు కిందికి దించాం. అన్నయ్య ఒక పక్క, నేను ఒక పక్క చంకల కింద చేతులేశాం. "వాకరు పట్టుకోండి మామ్మగారూ. మెల్లగా. భయం లేదు," అంది ఆ పిల్ల, తన గొంతులో మాత్రం బోలెడు భయంతో.

అమ్మ లేచింది. మోకాళ్లు వణికాయి, ఒక వైపు ఒరిగింది, నేను పట్టు బిగించాను. పడలేదు. వాకరు మీద రెండు చేతులూ ఆనించి, ఎప్పటి నుంచో తెలిసిన పనే అన్నట్టు నడుం నిటారు చేసింది.

"నొప్పి ఉందా మామ్మగారూ?" అడగొద్దని సిస్టరు చెప్పినా ఆ పిల్ల నోరు ఆగలేదు.

"దేవుని దయ వల్ల బాగున్నానమ్మా," అంది అమ్మ అందరికీ వినపడేలా.

అన్నయ్య నా వంక చూశాడు. అంతలో అమ్మ నా వైపు వంగి, పక్కింటావిడకి ఇంటి గుట్టు చెబుతున్నట్టు గొంతు తగ్గించింది.

"కొంచెం నొప్పిగానే ఉందండీ. మా పిల్లలతో మాత్రం అనకండేం. ఇద్దరూ బెంగపెట్టుకుంటారు."

ఆ గుసగుస మా ఇద్దరికీ వినపడింది. అవతల చెయ్యి పట్టుకున్న అన్నయ్య ముందు తేరుకున్నాడు.

"చెప్పంలెండి," అన్నాడు. "అడుగెయ్యండి."