రాళ్ళున్నాయనుకున్న ఏడాది

ఆ రోజుల్లో మగపిల్లాడికి తగలకూడని చోట దెబ్బ తగిలితే, నొప్పికంటే ముందు సిగ్గు వచ్చేది. ఎనిమిదో తరగతిలో ఉండగా నాకు క్రికెట్ బంతి సరిగ్గా అక్కడే తగిలింది. రెండు రోజులైనా వాపు తగ్గకపోయేసరికి, మా ఉప్పాడ స్కూల్లోనే లెక్కల మాస్టారైన నాన్న నన్ను కాకినాడ బస్సెక్కించారు (పక్కింటివాళ్ళకి మాత్రం కళ్ళ పరీక్షని చెప్పారు). స్కానింగ్ డాక్టరుగారు తెర చూస్తూ, "వాపు దెబ్బదేనండి, తగ్గిపోతుంది. కాకపోతే రెండు వృషణాల్లోనూ తెల్లటి చుక్కలున్నాయి. మైక్రోలిథియాసిస్ అంటారు" అన్నారు.

"అంటే ఏంటండి?" అన్నారు నాన్న.

"లిథ్ అంటే రాయి లెండి. ఏడాది పోయాక తీసుకురండి, మళ్ళీ చూద్దాం."

ఇంకేదో చెప్పబోతుండగా ఆయన్ని ఎవరో పిలిచారు. నాన్న రెట్టించి అడగలేదు. నేనైతే రాయి దగ్గరే ఆగిపోయాను. తిరుగు బస్సులో నాన్న, "ఎవరితోనూ అనకు" అన్నారు. ఆ తర్వాత నాతో కూడా ఆ మాట ఎత్తలేదు.

పెరట్లో ఎవరూ లేనప్పుడు ఎగిరి, గలగలమంటాయేమోనని చెవులు రిక్కించేవాణ్ణి. ఏమీ వినపడేది కాదు. లోతుగా ఉన్నాయి కాబోలు అనుకునేవాణ్ణి (సైన్సులో క్లాసు ఫస్టు నేనే). రాళ్ళు కరుగుతాయని ఎక్కడో విని బార్లీ నీళ్ళు అడిగి మరీ తాగాను. "వేడి చేసిందేంట్రా?" అని అమ్మ అడిగితే తలూపేవాణ్ణి. ఆట మానేశాను. ఒడ్డున బోల్తా వేసిన పడవ మీద కూర్చుని, మావాళ్ళు ఆడుతుంటే దూరంనుంచి చూసేవాణ్ణి. మొదట్లో పిలిచేవారు. "చదువుకోవాలిరా" అనేవాణ్ణి. నెల తిరిగేసరికి, మాస్టారి అబ్బాయికి పొగరని పిలవడం మానేశారు.

ఏడాది తర్వాత స్కానింగ్ అయ్యాక ధైర్యం చేసి, "నేను బతుకుతానాండి?" అని అడిగాను.

డాక్టరుగారు కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "బతకవని ఎవరన్నారు బాబూ? అవి రాళ్ళు కావు, ఇసుక రేణువుకంటే చిన్న సున్నపు చుక్కలు. నొప్పి పెట్టవు. అన్నీ ఉండాల్సిన చోటే ఉన్నాయి, గడ్డల్లేవు, ఇక భయమెందుకు? పెద్దయ్యాక నెలకోసారి స్నానం చేసేటప్పుడు నువ్వే చూసుకో. గట్టిగా ఏదైనా తగిలితే సిగ్గుపడకుండా వచ్చెయ్."

"మరి ఆడుకోవచ్చాండి?"

"ఆడొద్దని ఎవరన్నారు?"

నిజమే. ఎవరూ అనలేదు.

బస్సులో నాన్న కిటికీలోంచి చూస్తూ, "ఏడాదైందిరా నాకు సరిగ్గా నిద్రపట్టి" అన్నారు. ఒకే ఇంట్లో, ఒకే భయాన్ని, ఇద్దరం చెరో గదిలో దాచుకున్నామన్నమాట.

ఆ సాయంత్రమే ఆటకెళ్ళాను. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని అడిగితే చెప్పడానికి, సైనిక్ స్కూలు ప్రవేశ పరీక్షకి రహస్యంగా చదువుతున్నానని పెద్ద కథ అల్లి పెట్టుకున్నాను. ఎవరూ అడగలేదు. "లాంగాన్‌లో నిలబడరా" అన్నారు, అంతే. నిలబడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గానీ, ఒక్కడైనా అడిగుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.