దాసప్ప వెనక్కి తెచ్చుకున్న మూడు వాకర్లు

ముదిగుబ్బ బస్టాండు దాటి కదిరి రోడ్డున నాలుగడుగులు వేస్తే ఎడమచేతి వైపు ఒక రేకుల షెడ్డు ఉండేది. అది దాసప్ప గుజిరీ అంగడి. మిగతా గుజిరీ అంగళ్లలో పాత ఇనుము, సీసాలు, పేపర్లు కనిపిస్తే ఇక్కడ పిల్లల సామాన్లు కనిపించేవి. ఊయలలు, మూడు చక్రాల సైకిళ్లు, పొట్టి కుర్చీలు, రంగు వెలిసిన బొమ్మలు, అన్నీ ఎవరో వాడి వదిలేసినవే.

దాసప్ప పుట్టు వ్యాపారి కాదు. నాలుగెకరాల మెట్ట సేద్యగాడు. వరసగా మూడేళ్లు వేరుశెనగ, అదే చెనిక్కాయ, విత్తితే విత్తిన గింజ కూడా తిరిగి ఇంటికి రాలేదు. ఇక లాభం లేదని తొంభై ఏడులో ఎద్దుల్ని అమ్మేసి, ఒక సైకిలు కొని, ఊళ్ల మీద తిరిగి పాత ఇనుము ఏరడం మొదలుపెట్టాడు. ధర్మవరం, అనంతపురం ఉద్యోగస్తుల వీధులు అట్లా అలవాటయ్యాయి. బదిలీ మీద పోయేవాళ్ల ఇళ్లలో లారీకెక్కించగా మిగిలిపోయిన సామాన్ల మూల ఒకటుంటుంది. ఆ మూలలో పిల్లల వస్తువేదో ఒకటి తప్పకుండా ఉండేది. ఒకసారి అలా దొరికిన మూడు చక్రాల సైకిలును ఇనుము కింద తూకం వేయడానికి మనసొప్పక, ఇంటికి తెచ్చి, తుడిచి, నూనె పోసి వాకిట్లో పెట్టాడు. పొద్దు వాలకముందే, కూలికి పోయి వస్తున్న ఒక తల్లి దాన్ని కొనుక్కుని, తల మీద పెట్టుకుని నవ్వుకుంటూ పోయింది. కొత్తది కొనే తాహతు ఆమెకు ఏ జన్మకూ లేదు. ఆ నవ్వు చూశాక దాసప్ప ఇనుము వ్యాపారం మానేశాడు.

రెండువేల ఒకటో సంవత్సరం, ఎండలు ముదిరిన రోజులు. ఒక సోమవారం పొద్దున అక్కమ్మ అనే ఆమె అంగడికి వచ్చింది. నెత్తిన పసిపిల్లలు నిలబడి నడిచే చక్రాల వాకరు, చంకలో ఏడాది నిండని కొడుకు తిప్పేష్. పిల్లవాడి కుడిచేతి చూపుడువేలికి గుడ్డపేలిక చుట్టి ఉంది. ఆమె చెనిక్కాయల మిల్లులో పప్పు ఏరే పని చేసేది. పోయిన నెలలోనే ఆ వాకరును ఇక్కడ కొనుక్కుపోయింది.

అంగట్లో అప్పుడు ఇద్దరు ముగ్గురు బేరగాళ్లున్నారు. వేలికున్న గుడ్డ దాసప్ప కంట పడింది. కేకలు వేస్తుంది, పరువు పోతుంది అనుకున్నాడు. అక్కమ్మ కేకలు వేయలేదు. వాకరును దింపి, దాని కాళ్లు విప్పి నిలబెట్టింది.

"ఈడ చూడన్నా. ఈ కొక్కెం అరిగిపోయిండాది. పిల్లోడు రోంత ఎగిరినాడంటే అంతే, మడిచిపెట్టుకోని కిందికి పడిపోతాది. మొన్న పడిపోయింది. రెండు పైపుల నడమ ఏలు ఇరుక్కునింది. గోరు లేసిపోయిందన్నా."

అలా చెబుతూనే వాకరును చేత్తో ఒక్క నొక్కు నొక్కింది. అది టప్పున కూలబడింది. అంగట్లో ఉన్నవాళ్లు ఉలిక్కిపడ్డారు.

"అదొగటే గాదు. అంతకు ముందు అరుగు మీద ఆడుకుంటాంటే జర్రున అంచుకు పోయింది. మేక పలుపు చక్రానికి సుట్టుకోబట్టి నిలబడింది గానీ, లేకుంటే బండల మీద తల పగిలేది."

దాసప్ప వంగి కొక్కెం చూశాడు. ఆ కొక్కెం వదులుగా ఉందన్న సంగతి అతనికి తెలియనిది కాదు. కొన్న రోజే చూశాడు. సన్నటి తీగ చుట్టి, పైన ఎర్ర రంగు పూసి, ఇక పరవాలేదనుకున్నాడు. ఆ తీగ ఇప్పుడు తెగి వేలాడుతోంది.

"నీ దుడ్లు నీకిచ్చేస్తా తల్లీ," అన్నాడు.

"దుడ్లు ఎవురడిగినారన్నా? ఇట్లాంటివి ఇంకెన్ని అమ్మినావు? అది చెప్పు."

అనంతపురంలో మూతపడిన ఒక చిన్నపిల్లల బడి నుంచి ఒకే మాదిరివి నాలుగు వాకర్లు కొన్నాడు. నాలుగింటికీ అదే కొక్కెం. నాలుగింటికీ అదే తీగ, అదే రంగు.

"ఇంకా మూడు," అన్నాడు దాసప్ప తల వంచుకుని.

"మా వానికి మేక అడ్డం పడింది. ఆ మూడిండ్లలో ఏమి అడ్డం పడతాదో ఎవురికి తెలుసు?" అంది అక్కమ్మ. అని, వాకరును అక్కడే వదిలి, పిల్లవాణ్ణి చంక మార్చుకుని పనికి వెళ్లిపోయింది.

ఆ మాట దాసప్పను పట్టుకుంది. ఆ మధ్యాహ్నమే అంగడి మూసి సైకిలెక్కాడు.

మొదటిది దగ్గరే దొరికింది. దర్జీ హనుమంతరాయుడి ఇంట్లో మనవడికి నడక వచ్చేసింది. వాకరు మీద గోనెపట్టా కప్పి, కింద కోడిపిల్లల్ని మూశారు. "తీసకపోప్పా, కోళ్లకు గంప సాలు," అని నవ్వుతూ ఇచ్చేశాడు.

రెండోది మూడు మైళ్ల అవతల. ఆ ఇంటి తల్లి ససేమిరా ఇవ్వనంది. "ఇచ్చిన వస్తువు మల్లా అడుక్కోనీకి సిగ్గులేదా? ఎక్కువకు అమ్ముకుందామనా?" అని గట్టిగా అడిగింది. దాసప్ప వాకరును నొక్కి చూపించాడు. అది కూలిపోవడం కళ్లారా చూసి ఆమె పిల్లను గట్టిగా పొదువుకుంది. మరుసటి రోజు దానికి బదులుగా బొమ్మల సైకిలొకటి తెచ్చి ఇచ్చాడు.

మూడోది ఎవరు కొన్నారో గుర్తు లేదు. సంత రోజు, రద్దీలో, ఆకుపచ్చ గళ్ల చీర కట్టుకున్న ఒకామె తీసుకుపోయింది. అంతకుమించి ఏమీ తెలియదు. ఏ ఊరని వెతకాలి?

మిల్లు దగ్గరికి పోయి అక్కమ్మను పిలిపించి ఉన్నమాట చెప్పాడు. నిజంగానే తిరుగుతాడని ఆమె అనుకోలేదు.

"ఇరవై ఊర్ల ఆడోళ్లు ఈడికి పనికొస్తారన్నా. నేను అడుగుతాలే," అంది.

రోజూ సద్దిమూటలు విప్పే వేళ అక్కమ్మ వరస వరసనా అడిగింది. ఎవరింట్లో ఎర్ర కొక్కెం వాకరుందని. నాలుగో రోజుకు జవాబు దొరికింది. కొండ కింద పల్లెలో గొర్రెలు కాచుకునే మారెక్క ఇంట్లో ఉందట.

దాసప్ప ఆ ఊరికి చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇల్లు మిట్ట మీద ఉంది. వాకిలి ఏటవాలుగా దిగి, అంచున గొర్రెలకు నీళ్లు పట్టే రాతి తొట్టి. కోడలు కూలికి పోయినట్టుంది, ముసలి మారెక్క గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. ఏడెనిమిది నెలల పిల్లవాడు వాకరులో నిలబడి కాళ్లతో నేలను తంతున్నాడు. దాసప్ప చూస్తుండగానే చక్రాలు ఏటవాలు అందుకున్నాయి. వాకరు తొట్టి వైపు దొర్లింది.

సైకిలు ఎక్కడ పడేశాడో తెలియదు. పరుగున పోయి రెండు చేతులా పిల్లవాణ్ణి ఎత్తుకున్నాడు. వాకరు ఖాళీగా పోయి తొట్టికి కొట్టుకుని, మడతపడి, పక్కకు వాలింది.

సైకిలు పడిన చప్పుడుకు ముసలమ్మ లేచింది. ఎవరో పరాయివాడు మనవణ్ణి ఎత్తుకుని నిలబడి ఉన్నాడు.

"ఎవుర్రా నువ్వు? పిల్లోన్ని ఎత్తకపోనీకి వచ్చినావా?" అని కట్టె తీసుకుంది.

భుజం మీద ఒక దెబ్బ పడనే పడింది. దాసప్ప వదల్లేదు. పిల్లవాణ్ణి ఆమె చేతికి ఇచ్చి, పక్కకు పడిన వాకరును చూపించి, అప్పుడు చెప్పాడు.

"అవ్వా, నేను దొంగను గాదు. ఈ వాకరు అమ్మినోన్ని. చెడిపోయిందని తెలిసే అమ్మినా. తప్పు నాది. మల్లా తీసకపోదామని వచ్చినా."

మారెక్క తొట్టిని చూసింది, వాకరును చూసింది. కట్టె కింద పెట్టింది. లోపలికి పోయి, చెంబుతో మజ్జిగ తెచ్చి అతని చేతికి ఇచ్చింది. దాసప్ప గటగటా ఎత్తి తాగాడు. మజ్జిగ సగం చొక్కా మీద పడింది.

"అమ్మినోళ్లు మల్లా తొంగి చూసేది నేను యాడా ఇనలేదు నాయనా," అంది మారెక్క. "నీ పిల్లలు సల్లగుండల్ల."

ఆ దీవెన తనకు చెందాల్సింది కాదని దాసప్పకు తెలుసు. దారి పొడుగునా సైకిలు తొక్కుతూ అదే అనుకున్నాడు. అక్కమ్మ ఆ రోజు ఒక్క అరుపు అరిచి, డబ్బు తీసుకుని పోయి ఉంటే, తను ఈ వేళకు అంగట్లో కూర్చుని బేరం చేసుకుంటూ ఉండేవాడు. ఆ తొట్టి దగ్గర ఎవరూ ఉండేవాళ్లు కాదు.

ఊరు చేరగానే నాలుగు వాకర్లనూ రంపంతో ముక్కలు కోశాడు. ఊరికే పారేస్తే ఎవరైనా ఏరుకుపోయి మళ్లీ వాడతారని పైపు పైపునూ విడదీశాడు. ఆ తర్వాత వాకర్లన్నవి మళ్లీ అమ్మలేదు. బాగున్నవైనా సరే. "నడక దానంతట అదే వస్తాది, తొందరేముండాది?" అనేవాడు అడిగినవాళ్లతో.

వచ్చే ఆదివారం అక్కమ్మను అంగడికి రమ్మని అడిగాడు. "నువ్వు పుచ్చు గింజ ఏరేదానివి గదా. ఈడ గూడా ఏరిపెట్టమ్మా. నా కండ్లకు కొన్ని కనపడవు," అన్నాడు. కనపడినా చూడనట్టు పోయిన కళ్లు తనవని ఆమెకు విడిగా చెప్పనక్కరలేదు.

అక్కమ్మ వచ్చింది. ఆ ఒక్క ఆదివారమే కాదు, ఏళ్ల తరబడి వీలైనప్పుడల్లా వచ్చింది. ఆమె ఏ వస్తువునూ కంటితో చూసి ఊరుకునేది కాదు, చేత్తో తడిమేది. ఊయల కమ్మీల మధ్య తన పిడికిలి దూరిందంటే దాన్ని అవతలకు నెట్టేది. "ఒళ్లు జారి తల ఇరుక్కుంటాదన్నా" అనేది. అలాంటి వాటికి వెల్డింగు షాపులో నడుమ ఇంకో కమ్మీ వేయించేవాడు దాసప్ప. గోటితో గీకితే పెచ్చులు లేచే రంగుంటే, పిల్లలు నోట్లో పెట్టుకుంటారని అసలు ముట్టనిచ్చేది కాదు. బొమ్మ కళ్లు లాగి చూసేది. ఊడి వచ్చిన కన్ను పసివాడి గొంతుకు సరిగ్గా సరిపోతుందని చూపించేది. లాగుడు బండ్లకు కట్టిన పొడుగాటి తాళ్లు మెడకు చుట్టుకుంటాయని జానెడు ఉంచి మిగిలింది కోసేసేది. కదిలించి చూడని మేకు, ఎక్కి తొక్కి చూడని కుర్చీ ఆమె చేతుల్లోంచి అంగట్లోకి పోలేదు.

దాసప్ప కూడా మారాడు. కొనేటప్పుడు మునుపు ధర ఒక్కటే అడిగేవాడు. ఇప్పుడు, "అమ్మా, దీంట్లోంచి పిల్లోడు ఎప్పుడన్నా పడినాడా? ఏదన్నా ఇరిగితే అతికించినారా? దాయకుండా చెప్పండి," అని అడిగేవాడు. అనంతపురంలో లలితమ్మ అనే పంతులమ్మ ఒకసారి మంచి టేకు ఊయల ఇస్తూ ఆ మాటకు ఆగిపోయింది. "ఒక కాలు విరిగితే మా ఆయన జిగురు పెట్టారు. పైకి తెలీదు," అంది. దాసప్ప ఆమెకు దండం పెట్టి, ఊయల కొనకుండానే వచ్చేశాడు. వ్యాపారం తగ్గింది. మరి రెండేళ్లకు పెరిగింది కూడా. దాసప్ప అంగట్లో తీసుకుంటే బిడ్డకు భయం లేదన్న మాట బత్తలపల్లి దాకా పాకింది.

ఎవరైనా పొగిడితే అతను ఒకటే చెప్పేవాడు. "అంతా అక్కమ్మ పుణ్యం. ఆయమ్మ నన్ను తిట్టకుండా అడిగింది."

కానీ ఆ మాట ఆమెతోనే ఎప్పుడూ అనలేదు. అనే రోజు రెండువేల ఎనిమిదిలో వచ్చింది. మిల్లు మూతపడింది. పనుల్లేక అక్కమ్మా, ఆమె మొగుడూ పిల్లల్ని తీసుకుని బెంగళూరు కట్టడం పనులకు పోతున్నారు. మూటలతో బస్సు దగ్గర నిలబడి ఉంటే దాసప్ప అంగడి వదిలి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"అక్కమ్మా, నువ్వు ఆ దినం వాకరు మోసుకోని రాకపోయింటే నేను ఏమైపోయిందునో. నువ్వు నన్ను మనిషిని చేసినావమ్మా," అన్నాడు. ఏడేళ్లుగా గొంతులో ఉన్నది ఒక్కసారిగా బయటికొచ్చింది.

అక్కమ్మ కళ్లు తుడుచుకుంది. మళ్లీ వెంటనే నవ్వింది. "ఏమన్నా, ఏడేండ్లు నోరు మూసుకోని, బస్సు కదిలేటప్పుడు చెప్తాండావా?" అంది. "నువ్వు సైకిలెక్కి పోయినావు చూడు, అది నేను చెప్పింది గాదు. నేను మూడిండ్లని అనినా, అంతే. పోయింది నువ్వు."

బస్సు కండక్టరు ఈల వేశాడు. తిప్పేష్ కిటికీలోంచి చెయ్యి ఊపాడు. బస్సు మలుపు తిరిగేదాకా నిలబడి, దాసప్ప అంగడికి తిరిగి వచ్చాడు. అక్కడ ఒక చిన్న వయసు తల్లి ఊయల కమ్మీల మధ్య పిడికిలి పెట్టి చూస్తోంది. అతన్ని చూసి బెదిరి చెయ్యి తీసేసింది.

"చూడమ్మా, బాగా చూడు," అన్నాడు దాసప్ప. "అన్నిట్నీ చూసినాకనే తీసకపో."