రాణి వేషంలో నేను నవ్విన రోజు

దెయ్యాలంటే నాకు నవ్వులాట. ఏళ్ల తరబడి ఆడవేషాలు కట్టినవాణ్ణి. ముఖానికి రంగు పూస్తే దెయ్యం ఎలా తయారవుతుందో నాకు తెలుసు. ఈ సంగతి ఇంకెవరైనా చెబితే కొట్టిపారేసేవాణ్ణి. జరిగింది నాకే.

అరవైల మొదట్లో నందిగామ ప్లీడరు ఒకాయన పాతకాలపు ఇంగ్లండు రాణి మీద నాటకం రాశాడు. మొగుడు మతిచెడిన రాజు. కొడుకు హక్కు కోసం ఆవిడే సేనను పోగేసి పోరాడింది. చివరికి ఆ కొడుకు యుద్ధంలో పోయాడు. ఇంతవరకూ చరిత్రేనట. మరి ఈ మహానుభావుడు ఏం చేశాడు? కొడుకు శవం ముందు ఆవిడ చేత పకపకా నవ్వించాడు!

నాకు ఒళ్లు మండింది. "కన్నతల్లి నవ్వుద్దా అండి?" అన్నాను.

"అది ఆడదా? తోడేలు! ఇంగ్లీషోళ్లే అట్టా రాసుకున్నారు. నువ్వు నవ్వు," అన్నాడు.

ఆ రాణి పగవాళ్లు రాసిందే ఈయనకు వేదం. కొడుకు కోసం అదే యుద్ధం మగవాడు చేస్తే వీరుడని హారతులిచ్చేవాడు.

అంతకు ముందు ఏడాదే మా పిల్లవాడు జ్వరంతో పోయాడు. నేను వేదాద్రి తిరునాళ్లలో వేషంలో ఉన్నాను. కబురు అందేసరికి మట్టి కూడా చేసేశారు. మా ఆవిడ కంట తడి పెట్టలేదని, రాయి అని ఊరంతా ఆడిపోసుకుంది. తను నాతోనూ ఏమీ చెప్పలేదు.

నాటకం జగ్గయ్యపేటలో వేశాం. పౌరాణికాల కిరీటమే నెత్తిన పెట్టి, తెల్లరంగు దట్టించి నన్ను దొరసానిని చేశారు. మా ఆవిడ ఆడవాళ్ల వైపు కూర్చుంది. ఆ ఘట్టం రాగానే ప్లీడరు మీద కసితోనే నవ్వాను. డొక్కలు నొప్పి పుట్టేలా నవ్వాను. నాకు బాగా గుర్తు.

తెర పడగానే ప్లీడరు ఊగిపోతూ వచ్చాడు. "నవ్వమంటే ఏడుస్తావేందిరా? నాటకం తగలేశావు గదా!"

హార్మోనియం ఆయన కళ్లు తుడుచుకుంటున్నాడు. ఎవరిని అడిగినా ఏడ్చావనే అన్నారు. నవ్వానంటే, తాగావా అన్నారు.

ఇంతలో మా ఆవిడ లోపలికొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"పిల్లాడు పోయిన్నాడు గొడ్ల సావిట్లో తలుపేసుకుని ఒక్కదాన్నే ఏడ్చా. 'మీ నాన్న వచ్చేదాకా ఆగలేకపోయావా నాయనా' అని. ఇందాక స్టేజీ మీద మీరూ అదే అని ఏడ్చారు. ఆ మాట మీకెట్టా తెలిసిందండీ?"

ఆ ప్లీడరు మీద నా కోపం ఇప్పటికీ చల్లారలేదు. ఆ రోజు జరిగిందేమిటో మాత్రం నేటికీ చెప్పలేను. ఆ మాట నేను అనలేదు. నేను నవ్వాను.