పటేలు ఇవ్వని బండి

నిజాం పాలనలో, ఎల్లారెడ్డి పక్కన మా ఊళ్లో, వెట్టి చేయని ఇల్లు మా వాడలో ఒక్కటీ లేదు. మా అన్న పటేలు కొట్టంలో ఎద్దులకు మేత వేసేవాడు. పెళ్లీడుకు వచ్చినవాడు. ఆదివారం ప్రార్థనకు కూడుకున్నప్పుడు అందరికంటే గట్టిగా పాడేవాడు. ఒక వానకాలం పొద్దున పటేలు కోడె అతని కడుపులో కొమ్ము దించింది.

వాడవాళ్లు ఇంటికి మోసుకొచ్చారు. అమ్మను మేం అవ్వ అనేవాళ్లం, నాన్నను బాపు అని. అవ్వ చీర చెంగుతో గాయాన్ని అదిమి పట్టుకొని, "యేసయ్యా, నా కొడుకు" అని తప్ప ఇంకో మాట అనలేదు. మిషను దవాఖానకు చేరాలంటే కామారెడ్డి పోయి రైలెక్కాలి. బాపు వెంట నేనూ పటేలు ఇంటికి పరుగెత్తాను. ఆయన బండ్లు రెండూ వాకిట్లోనే ఉన్నాయి.

బాపు నేల మీద పడ్డాడు. "దొరా, నీ బాంచెను. బండి ఇప్పియ్యుండ్రి. పోరడు సచ్చిపోతడు."

పటేలు నోట్లోంచి వేపపుల్ల తీసి నవ్వాడు. "దేవుణ్ణి మార్చుకుంటిరి గదరా. ఆ యేసునే బండి కట్టుకొని రమ్మను."

"మీ కొట్టంలనే పొడిచింది దొరా..."

"నా కోడె మీద నేరం జెప్తున్నవా? పో!"

మా వాళ్లు నులక మంచానికి వెదురు బొంగులు కట్టి అన్నను ఎత్తుకున్నారు. వానలో, బురదలో, ఒకరు అలిసిపోతే ఇంకొకరు భుజం పట్టారు. దారి పొడుగునా అవ్వ అన్నను బతికించమని వేడుకుంది. నేనూ ప్రార్థించాను. నేను అడిగింది వేరు. "ప్రభువా, పటేలు కొడుకు గూడ గిట్లనే మంచం మీద పడాలె. పటేలు గూడ గిట్లనే మొక్కాలె. ఎవ్వరూ బండి ఇయ్యొద్దు." ఆమెన్ అన్నాను.

కామారెడ్డి స్టేషన్ చేరేసరికి అన్న ఒళ్లు కాలిపోతోంది. రైలు వచ్చేదాకా అవ్వ మోకాళ్ల మీదే ఉంది. దవాఖానలో తెల్ల దొరసాని డాక్టరమ్మ అన్నను లోపలికి తీసుకుపోయి కోసి కుట్టింది. జ్వరం చాలా రోజులు వదల్లేదు. ఒక పొద్దున అన్న గంజి అడిగాడు. అవ్వ ఏడ్చింది. దేవుడు సగం పనే చేశాడనుకున్నాను నేను.

ఊరికి తిరిగి వచ్చినప్పుడు బాపు వెనుక దారి పట్టాడు. అవ్వ కదల్లేదు.

"పటేలు ఇంటి ముంగటికెల్లే పోదాం."

"పిచ్చి లేసిందా? తంతరు."

"తన్ననీ. నా కొడుకు నడుసుడు వాడు కండ్లార చూడాలె."

ఆ ఇంటి ముందు మావాళ్లు చెప్పులు చేతపట్టుకొని నడవాలి. అవ్వ అన్న కాళ్లకు చెప్పులు తొడిగింది. తానూ తొడుక్కుంది. పటేలు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అన్న కడుపు పట్టుకొని మెల్లగా నడుస్తుంటే, అవ్వ పటేలు మొహంలోకి చూస్తూ గొంతెత్తి స్తోత్రం పాడింది. మేమూ అందుకున్నాం. అంత పగతో దేవుణ్ణి స్తుతించడం నేను మళ్లీ ఎన్నడూ వినలేదు.

ఆ సాయంత్రమే బాపును చింతబరిగెలతో కొట్టించారు. మేం గుడిసె విడిచి కామారెడ్డి చేరి, బియ్యం మిల్లులో కూలికి కుదిరాం. అన్న పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు. బరువు మాత్రం మళ్లీ ఎత్తలేకపోయాడు. పటేలుకు ఏ ఆపదా రాలేదు. నిండు వయసులో, తన మంచం మీద, కొడుకుల మధ్య కన్నుమూశాడని విన్నాం.

"ఇగ దేవుడు చూసుకుంటడు తియ్," అంది అవ్వ.

శత్రువును క్షమించమని పాదిరిగారు ఎన్నో ఆదివారాలు చెప్పారు. తల వంచుకొని విన్నాను. పైన ఆ మనిషికి ఏ శిక్ష పడిందో తెలుసుకోవాలని మాత్రం నాకు ఇప్పటికీ ఉంది.